తేదీ ముద్ర వేయని పుస్తకం

మొన్న ఆదివారం పొద్దున్నే మా మనవరాలు తన కాలేజీ లైబ్రరీవాళ్లు పంపిన ఫారం ఒకటి ఫోనులో తెరిచి, నువ్వూ ఈ ఉద్యోగమే చేశావుగా, నింపిపెట్టు తాతా అంది. సేవలు ఎలా ఉన్నాయి, సిబ్బంది మీ ఇబ్బందిని అర్థం చేసుకున్నారా, అయిదింటిలో ఎన్ని నక్షత్రాలిస్తారు, ఇవీ ప్రశ్నలు. ఆ రెండో ప్రశ్న దగ్గర నా వేలు ఆగిపోయింది, మా పెద్ద మేడమ్ గుర్తొచ్చి.

నేను సోంపేట నుంచి రోజూ బస్సులో వెళ్లి టెక్కలిలో ఒక కాలేజీ లైబ్రరీలో సహాయకుడిగా పనిచేసే రోజుల్లో ఆవిడే లైబ్రేరియన్. నోరు మంచిది కాదు. పుస్తకం ఒక్కరోజు ఆలస్యమైతే పిల్లల్నీ లెక్చరర్లనీ ఒకేలా దులిపేసేవారు, నేనైతే ఆవిడ కళ్లజోడు సవరించుకుంటేనే హడలిపోయేవాణ్ని. అలాంటి మనిషి ఎప్పుడో ఒకసారి, ఎదుట నిలబడ్డవాళ్ల మొహం కాసేపు చూసి, వెనక అట్టకి అంటించిన చీటీ మీద గడువు తేదీ ముద్ర వేయకుండానే పుస్తకం చేతిలో పెట్టేసేవారు. "సదివేక తెత్తువులే" అనేవారు, ఎంతో మెత్తగా.

మొదట మతిమరుపనుకున్నాను. ఇప్పుడు దాపరికమెందుకు, ఆవిడ తప్పు పట్టుకోవాలనే ఆ పేర్లు విడిగా రాసిపెట్టుకున్నాను. నందిగాం వైపు నుంచి వచ్చే లెక్చరరు, ఉద్దానం నుంచి వచ్చే డిగ్రీ అమ్మాయి, మా ఆఫీసు గుమస్తా. ఏడాది తిరిగేసరికి ముగ్గురూ పోయారు, ముగ్గురూ మా వైపు ఊళ్లను పట్టిన కిడ్నీ జబ్బుతోనే. ఆ తరవాత బల్ల మీద ముద్ర చప్పుడు వినపడకపోతే, పుస్తకం ఎవరి చేతికి వెళ్లిందా అని తలెత్తి చూసేవాణ్ని.

ఒక సాయంత్రం నేనే ఒక పుస్తకం తీసుకున్నాను. బస్సు పలాస దాటి జీడితోటల మధ్య పోతుండగా తెరిచి చూస్తే చీటీ ఖాళీగా ఉంది. దిగేదాకా ఒక్క పేజీ తిప్పలేదు.

మర్నాడు ఆ ఖాళీ చీటీ తెరిచి ఆవిడ బల్ల మీద పెడితే, ఆవిడ కళ్లజోడు తీసి నా మొహంలోకి చూశారు.

"నెల్లాళ్లుగా సూత్తన్నాను బాబూ, పొద్దున్నపూట నీ కళ్ల కింద ఉబ్బుతోంది. మా ఆయనకీ ఇలాగే ఉబ్బితే నిద్ర సాల్లేదనుకున్నాను, మనిసినే పోగొట్టుకున్నాను. నీకు సెప్పడానికి నోరు రాలేదు. ఈయేళే ఎల్లి రగతం పరీచ్చ సేయించుకో."

మరి ఆ ముగ్గురికీ చెప్పలేదేం అన్నాను. వాళ్లకు డాక్టర్లు అప్పటికే చెప్పేశారట. గడువు గుర్తుచేయకుండా ఉండటం తప్ప తన చేతిలో ఏమీ లేదన్నారు.

ఆవిడ భయపడ్డదే పరీక్షలో తేలింది. తొలిదశ కాబట్టి మందులతో, పథ్యంతో ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను, ఆవిడే ముందు వెళ్లిపోయారు. ఇప్పుడు మనవరాలి లైబ్రరీలో కార్డు చూపిస్తే యంత్రమే పుస్తకమిస్తుందట, ఎవరికైనా పధ్నాలుగు రోజులు. చక్కగా పనిచేస్తుందంది, కాదనను.

నక్షత్రాలెన్నో చెప్పమని తను తొందరపెడుతుంటే, ఫోను పక్కన పెట్టి, చాలా రోజుల తరవాత దాని మొహం నిదానంగా చూశాను. కళ్ల కింద ఏమిటే అది అన్నాను. నిద్ర చాల్లేదు తాతా అని నవ్వింది. రేపు దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. రోజూ ఆ యంత్రం ఎదుట అదే మొహంతో నిలబడి, గడువు తేదీ వేయించుకుని వస్తోంది పిచ్చితల్లి.