చివరి చరణానికి లెవెల్

ఊళ్లో సగం దుకాణాల ప్రకటనలు తమ్ముడి పడకగదిలోనే పుట్టాయి. గోడలకు దుప్పట్లు కట్టి, కిటికీకి పాత పరుపు ఆనించి, మైకు ముందు ఎవరు కూర్చున్నా ఒకటే పోరు పెట్టేవాడు.

"గొణగొద్దండీ. అన్నిటికంటే గట్టిగా అనే ముక్క ముందు అనండి. దాన్ని బట్టే మైకు లెవెల్ పెడతాను."

ఆ ముక్కకు మీటరు మీద ఎర్ర దీపం వెలగకూడదు. వెలిగిందా, గొంతు చిరిగినట్టే, మళ్లీ అతికేది కాదు. అతని చాదస్తానికి జడిసి కొందరు రెండోసారి గుమ్మం తొక్కేవారు కాదు.

అక్క మాత్రం ఇరవై ఏళ్లలో ఒక్కసారీ ఆ మైకు ముందు కూర్చోలేదు. "నా గొంతు ఎక్కడికి పోతుందిరా?" అనేది. తల్లి పోయాక కుట్టుమిషను తొక్కుతూ, అమ్మ పాటే పాడుతూ తమ్ముణ్ణి పెంచిన మనిషి. చివరి చరణంలో ఆమె గొంతెత్తితే పక్కింటివాళ్లు చేతిలో పని ఆపేవారు.

ఇప్పుడు ఆ గొంతులోనే పుండు. సోమవారం ఆపరేషన్, స్వరపేటిక తీసేస్తామన్నారు. ఆదివారం ఉదయం అక్కే వచ్చి కూర్చుంది.

"ఒక్కసారే పాడగలను. సరిగ్గా పట్టుకో."

చివరి చరణం ముందు పాడమందామని తమ్ముడికి నోటిదాకా వచ్చింది. ఉన్న కాస్త ఓపికా దానికే ఖర్చయిపోతుందేమోనని మనసొప్పలేదు.

"ఊరికే కూనిరాగం తియ్యి, చాలు" అన్నాడు. ఆ కూనిరాగానికి సరిపడా లెవెల్ పెంచాడు.

చివరి చరణంలో అక్క దాచుకున్నదంతా బయటపెట్టింది. తమ్ముడు మీటరు మాటే మరిచి ఆమె ముఖం చూస్తూ ఏడ్చాడు. పాట అయ్యాక చూస్తే ఎర్ర దీపం వెలిగే ఉంది. అక్క దగ్గుతూ నీళ్లు తాగుతోంది.

"బాగా వచ్చిందా?"

"బ్రహ్మాండంగా వచ్చిందక్కా."

మూడు వారాలు ఆ చరణంతో కుస్తీ పట్టాడు. అంతా గరగర. రాగం తెలుస్తోంది, అక్క తెలియడం లేదు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే అక్క పలక మీద రాసింది: "వినిపించు." తప్పించుకునే దారి లేక పెట్టాడు. గరగర మొదలవగానే తల దించుకున్నాడు.

"తప్పు నాదేనక్కా. నీ కూనిరాగానికి పెట్టాను లెవెల్."

అక్క కళ్ల వెంట నీళ్లు కారాయి. కొంగుతో తుడుచుకుని బలపం తీసుకుంది.

"అంత గట్టిగా పాడానా?"

"పాడావక్కా. నా మైకే తట్టుకోలేకపోయింది."

ఆమె పలక తుడిచింది. ఇంకేమీ రాయకుండా, మళ్లీ పెట్టమని వేలితో చూపించింది.