మిరుగం నాడు పట్టిన రవ్వలు

గొల్లపల్లి దగ్గర మా పొలంలో బాపు తవ్వించిన చేపల గుంట ఉంది. ఒక చలికాలం అందులోని రెండేళ్ల రవ్వ చేపలకు ఎర్ర మచ్చల తెగులు తగిలింది. మచ్చ పుండయ్యేది, పుండు పడ్డ చేప రెండు రోజుల్లో తేలేది. సున్నం చల్లినా ఆగలేదు. గంపలకొద్దీ ఎత్తి పూడ్చిపెట్టాం. ఆ వాసనకు నాకు అన్నం సహించేది కాదు.

చివరికి పందొమ్మిది మిగిలాయి. అవే నీళ్లలో, చచ్చినవాటి మధ్యే తిరిగినా ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. బాపు వాటిని పక్కనున్న చిన్న గుంటలోకి మార్చాడు. కోరుట్లలో చేపపిల్లలు తీసే ఆయన చెప్పాడట: "గవి తట్టుకున్నయంటే వాటి రక్తంలనే ఏదో ఉన్నది. వానలు పడ్డంక గుడ్లు తీద్దాం. అన్ని పిల్లలకు రాకున్నా కొన్నిటికన్న గా గుణం అస్తది." బాపు ఆ మాట పట్టుకుని ఎండాకాలమంతా వాటికి తవుడు మోశాడు. కొత్త పిల్లల్ని కొందామంటే వినలేదు. నాకదంతా చాదస్తం అనిపించింది.

మృగశిర కార్తె మొదలయ్యే రోజు, మా మిరుగం, వచ్చింది. ఆ రోజు చేప తినకపోతే మా వైపు తప్పు చేసినట్టే చూస్తారు. గుడ్లు తీసే రోజు ఖాయం చేసుకోవడానికి బాపు పొద్దున్నే కోరుట్ల పోయాడు. సిరిసిల్ల నుంచి అక్కాబావలు దిగారు. బావ నవ్వుతూ, "చేపల గుంట ఉన్నోళ్ల ఇంట్ల మిరుగం నాడు పప్పేనా?" అన్నాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. రెండే పడదామని చిన్న గుంటలో వల వేశాను. వల చూసి వాడకట్టంతా వచ్చింది. ఎవరికీ లేదనలేదు. అందరి ముందు పెద్దమనిషినైపోయాను కదా! మధ్యాహ్నానికి గుంటలో ఒక్కటీ లేదు.

మా వాటాకు వచ్చినవాటిని అవ్వ కోస్తే, రెండింటి కడుపు నిండా గుడ్లే. బాపు వచ్చి వాకిట్లో ఆ పళ్లెం చూశాడు.

"అన్ని పట్టినవా రా?"

అవునన్నాను. తిట్టలేదు. అన్నం తినకుండా గుంట దిక్కు పోయాడు. అది తలచుకుంటే నా మీద నాకే ఇప్పటికీ అసహ్యం.

కొత్త పిల్లల్ని కొని వదిలాం. చలికాలం రాగానే మచ్చలు మళ్లీ వచ్చాయి. ఈసారి ఒక్కటీ మిగల్లేదు. గట్టు మీద చచ్చిన చేపపిల్లను చేతిలో తిప్పి చూస్తూ బాపు అప్పుడడిగాడు, "గా గుడ్లు ఏం జేసినర్రా?"

"వేయించినం, బాపూ," అన్నాను.

ఎక్కువ తిన్నది నేనేనని చెప్పలేదు.