పిల్లల షీటు మీద ముద్ర

నాకు ఆ డ్యూటీ వేసింది తొంభై ఎనిమిది ఏప్రిల్లో, మేఘనా. మొన్న ఫోన్లో నువ్వు అడిగావు కదా, "అమ్మమ్మా, ఫోన్లో మ్యాపు తీస్తే పుణెలో మా బిల్డింగు కూడా కనిపిస్తోంది, అన్నేసి ఇళ్ళు అందులో ఎవరు పెడతారు?" అని. ఇప్పుడైతే పైనుంచి ఫొటోలు తీసి పెడుతున్నారమ్మా. మా రోజుల్లో మనుషులం వెళ్ళి, టేపు పట్టి కొలిచి, చేత్తో గీసేవాళ్ళం. ఏది గీయాలో ఏది అక్కర్లేదో కూడా మేమే తేల్చేవాళ్ళం. మీ తమ్ముడు వరుణ్‌కి కూడా చదివి వినిపించు. వాడికి పన్నెండేళ్ళు వచ్చాయి, అర్థమవుతుంది.

అప్పుడు నేను నగర ప్రణాళిక ఆఫీసులో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఆడవాళ్ళకైనా హోదా పేరు అదే. ట్రేసర్‌గా, అంటే గీసిన మ్యాపులకి నకళ్ళు తీసేదానిగా, చేరిన ఇరవై రెండేళ్ళకి ఆ కుర్చీలోకి వచ్చాను. కింద నలుగురు గీసేవాళ్ళు, పైన అసిస్టెంట్ డైరెక్టర్ గారు. నా పని, వాళ్ళు గీసిన మ్యాపు షీటు సరిచూసి, కింద ఎడమ మూలన 'సరిచూడబడినది' అన్న ముద్ర వేసి, పొట్టి సంతకం పెట్టడం. ముద్ర పడితే ఆ షీటు రికార్డు. పడకపోతే అది ఉత్త కాగితం.

ఆ ఏడాది పైనుంచి ఒక ఆలోచన వచ్చింది. పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లలకి సెలవుల్లో నెలన్నర పాటు నగరం ఎలా నడుస్తుందో చూపించాలని. నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, మురుగు ఎక్కడికి పోతుంది, చెత్త ఎవరు ఎత్తుతారు, రోడ్డు ఎక్కడ వేయాలో ఎవరు చెప్తారు. మా ఆఫీసులో నెమ్మదిగా మాట్లాడేది నేనొక్కదాన్నేనని ఆ పిల్లల్ని నాకు అప్పజెప్పారు. పదహారు మంది వచ్చారు. నీళ్ళ పంపుహౌసు చూసిన రోజు ఒకడు, "మేడం, ఇన్నాళ్ళూ మా ట్యాంకులోనే ఊరతాయనుకున్నా" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు గానీ వాళ్ళకీ అంతకంటే ఎక్కువ తెలియదు.

చివరి రెండు వారాలూ సర్వే. దానికి మాదాపూర్ అవతల ఒక ముక్క ఎంచుకున్నాను. అప్పటికి అక్కడ రాళ్ళూ తుమ్మచెట్లూ ఉండేవి. ఒక పక్క పెద్ద అద్దాల భవనం లేస్తోంది. మట్టిబాట పక్కన నాలుగు పక్కా ఇళ్ళు, ఒక పెంకుల షెడ్డు, కొంచెం లోపలికి బండల మధ్య గుడిసెలు. పాలమూరు వైపు నుంచి వచ్చి రాళ్ళు కొట్టేవాళ్ళవి. పిల్లలు నేర్చుకోవడానికి బాగుంటుందనుకున్నాను. ఎక్కువ పెద్దదీ కాదు, మరీ సులువూ కాదు.

మొదటిరోజే నేల కొలిచే గొలుసు పట్టుకుని పిల్లలు బండలెక్కుతుంటే గుడిసెల్లోంచి ఒకావిడ బయటికొచ్చి నడుం మీద చేయి పెట్టుకు నిలబడింది. పేరు బాలమణి. నలభై ఏళ్ళుంటాయేమో. చేతులు రాతి దుమ్ముతో తెల్లగా ఉన్నాయి.

"ఏంది బిడ్డా, గొలుసు ఏసి భూమిని గుంజుతున్నరు? గుంజితే ఒస్తదా?"

పిల్లలు సిగ్గుపడి నవ్వారు. ఆవిడే మళ్ళీ, "ఎండ జూడు ఎట్ల కొడ్తుందో. ఇగ రాండ్రి, జర నీడకు కూసోండ్రి, నీళ్ళు తాగుండ్రి" అని పిలిచింది. అందరం వెళ్ళాం. రాళ్ళు పేర్చిన గోడ, పైన రేకు, రేకు ఎగిరిపోకుండా దాని మీద మళ్ళీ రాళ్ళు. తొమ్మిదేళ్ళ నుంచి అక్కడే ఉంటున్నామని చెప్పింది. వాకిట్లో అలికి ముగ్గు వేసి ఉంది.

పిల్లల్లో ప్రసన్న అని ఒకమ్మాయి. వాళ్ళది ప్రొద్దుటూరు, నాన్న కొండాపూర్ దగ్గర స్థలాల వ్యాపారం చేసేవాడు. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని తిరిగేది. గుడిసె గుడిసెకీ వెళ్ళి ఇంటిపెద్ద పేరు, ఎంతమంది, ఎన్నేళ్ళ నుంచి, అన్నీ నోటుబుక్కులో రాసుకుంది. నేను చెప్పలేదు. బాలమణి నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"పేర్లు రాస్కుంటున్నరు గద అమ్మా, మాకు నంబర్లు ఏస్తరా? తలుపు మీద నంబరు పడితే ఇగ ఎవ్వరు లేపరంటరు."

ఇది పిల్లల చదువు కోసమమ్మా, నంబర్లు మేము వేయం, అన్నాను. నిజమే చెప్పాను. ఆవిడ తలూపింది గానీ నమ్మినట్టు లేదు.

తర్వాత షీటు గీయడం. ఇక్కడ మా ఆఫీసు ఆనవాయితీ ఒకటి చెప్పాలి. పక్కా కట్టడాలు షీటు మీద నిండు గీతతో వేస్తాం. కచ్చావి, అంటే గుడిసెలూ రేకుల పాకలూ, అసలు వేయం. షీటు పదేళ్ళు వాడతాం, గుడిసె వానాకాలం దాకా ఉంటుందో లేదో, అని మాకు మా పెద్దవాళ్ళు నేర్పారు. నేనూ అందరికీ అదే నేర్పాను. ప్రసన్న మాత్రం ముప్పై ఎనిమిది గుడిసెలనీ సన్నటి పెన్సిలు గీతలతో వేసి, ఒక్కొక్కదాంట్లో పేరు కూడా రాసింది.

"కచ్చావి వేయకూడదమ్మా" అన్నాను.

"అదేంది మేడం, మనుషులుండారు గదా దాంట్లో?"

"ఉన్నారు. కానీ రూలు అది."

"తొమ్మిదేండ్లు ఉండేది కూడా కచ్చానేనా మేడం?"

మంచి ప్రశ్నే. ఎక్కువ వాదన పెంచడం ఇష్టంలేక, ఇంకు వేసే ముందు అక్కర్లేని పెన్సిలు గీతలన్నీ తుడవడం కూడా పద్ధతేనని చెప్పి, రబ్బరు నేనే తీసుకుని ఆ గుడిసెలు చెరిపాను. అలవాటైన చేయి, పది నిమిషాలు కూడా పట్టలేదు. కాగితం మీద మచ్చ కూడా మిగల్లేదు. ఆ పిల్ల చూస్తూ నిలబడింది.

షీటు చాలా బాగా వచ్చింది. చివరిరోజు చిన్న సభ పెట్టారు. పిల్లలకి తమ పని నిజమైనదనిపించాలని నాకొక ఆలోచన వచ్చింది. షీటుకి శీర్షిక గడి గీయించి, వరస నంబరు వేసి, అందరి ముందూ 'సరిచూడబడినది' ముద్ర కొట్టి సంతకం పెట్టాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నా ఉద్యోగంలో ఒక ముద్రకి చప్పట్లు విన్నది అప్పుడే.

జూన్‌లో ప్యూను వచ్చి, పిల్లల షీటు అలైన్‌మెంటు సెక్షనుకి కావాలట అన్నాడు. అలైన్‌మెంటు అంటే రోడ్డు ఏ గీత మీదుగా వెళ్ళాలో నిర్ణయించడం. అద్దాల భవనానికి వెడల్పు రోడ్డు తొందరగా కావాలి, బయటివాళ్ళకిచ్చిన సర్వే ఇంకా రాలేదు. మా పిల్లల పని అంత బాగుందన్నమాట అని సంతోషంగానే ఇచ్చి పంపాను. వాళ్ళు ఎలాగూ మళ్ళీ నేల మీదకి వెళ్ళి సరిచూసుకుంటారు, అదీ రూలే కదా, అనుకున్నాను. సరిచూశారా అని అడగలేదు. ముద్ర ఉన్న షీటుని ఎవరూ మళ్ళీ సరిచూడరని అందరికంటే నాకే బాగా తెలుసు.

ఆ తర్వాత జరిగే వరస ఇది. షీటు మీద రోడ్డు గీత పడుతుంది. ఆ గీతలోకి వచ్చే కట్టడాల జాబితా తీస్తారు. జాబితాలో ఉన్నవాళ్ళకి నోటీసు వెళ్తుంది. నోటీసు అందినవాళ్ళు అభ్యంతరం చెప్పుకోవచ్చు, వేరే చోట స్థలం అడగవచ్చు. షీటు మీద లేనివాళ్ళకి వీటిలో ఏదీ లేదు. షీటు ప్రకారం అక్కడ బండలే ఉన్నాయి.

ఆగస్టులో ఒక బుధవారం పొద్దున బాలమణి ఆఫీసుకి వచ్చింది. గేటు దగ్గర గంటసేపు, పిల్లలను తీసుకొచ్చిన అమ్మ ఎక్కడ అని అడిగిందట. నన్ను చూడగానే ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు.

"మిషిన్ తెచ్చి పెట్టిండ్రు అమ్మా. శనివారం లేపుతం, సామాన్లు తీస్కపోండ్రి అంటున్నరు. నోటీసేదీ అంటే, మీ పేర్లే లేవు, మీకేం నోటీసు అంటున్నరు. గా పిల్ల రాస్కున్నది గద నా పేరు? గా కాయితం ఒక్కటి చూపియ్యి, సాలు."

ఆవిడని కూర్చోబెట్టి నీళ్ళిచ్చి, సాయంత్రం బస్సెక్కి ప్రసన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పిల్ల ఏమీ అడక్కుండానే లోపలికెళ్ళి నోటుబుక్కు తెచ్చింది. "ముప్పై ఎనిమిదీ ఉండాయి మేడం, చూసుకోండి" అంది. నేను బయల్దేరితే గుమ్మం దాకా కూడా రాలేదు.

గురువారం దాన్ని అసిస్టెంట్ డైరెక్టర్ గారి బల్ల మీద పెట్టాను. చెడ్డమనిషి కాదు. పేజీలన్నీ తిప్పి చూశారు.

"విశాలాక్షి గారూ, ఇది పిల్లల నోటుబుక్కండి. దీనిమీద ముద్ర లేదు. షీటు మీద ఉంది. నేను దేన్ని పట్టుకోవాలి చెప్పండి?"

ఆ షీటు చదువు కోసం గీసిందండీ, గుడిసెలు నేనే చెరిపాను, అన్నాను. ఆయన తలుపు వేయించి, గొంతు తగ్గించి చెప్పారు.

"ఆ మాటే రాసి ఇవ్వండి. ఇది రికార్డు కాదు, ముద్ర పొరపాటున వేశాను, రద్దు చేయండి అని ఒక్క లైను. షీటు పోతే గీత పోతుంది, పని ఈ రోజే ఆగుతుంది. ఆపే అధికారం నాకుంది. కానీ మీకు చార్జి మెమో వస్తుందండీ. రికార్డు ముద్ర ఆటకి వాడారంటారు. ఇంక్రిమెంట్లు ఆగొచ్చు, పెన్షనూ ఆలస్యం కావొచ్చు. ఆలోచించుకోండి."

ఇంకో దారి లేదా అన్నాను. ఉంది, 'ఈ ప్రాంతానికి అదనపు సర్వే అవసరం' అని నోటు పెడితే పై బల్లలకి పంపుతాను, వాళ్ళు చూస్తారు, అన్నారు.

నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది. మీ అమ్మ ఇంజనీరింగ్ రెండో ఏడు. ఇవన్నీ సాకులు కావు, ఆ మధ్యాహ్నం నా తలలో తిరిగిన విషయాలు. రెండో నోటు రాశాను. అందులో నా ముద్ర మాట లేదు. రబ్బరు మాట లేదు. అదనపు సర్వే అవసరం అని మాత్రం ఉంది. రాసి, మంచిపనే చేశాననుకుని ఇంటికి వెళ్ళాను.

ఫైలు మూడు బల్లలు దాటాలి. శుక్రవారానికి మొదటి బల్ల దాటింది. శనివారం పొద్దున నేను సెలవు పెట్టి నోటుబుక్కు పట్టుకుని మాదాపూర్ వెళ్ళాను. కుర్ర ఇంజనీరు ఒకాయన కుర్చీ వేసుకుని చెట్టు కింద కూర్చున్నాడు. మర్యాదగా లేచాడు.

"ఆపమని ఏదన్నా కాగితం ఉందా మేడం? ఉంటే ఇప్పుడే ఆపేస్తా. నాకు మాత్రం ఇది బాగుంటుందా?"

నోటుబుక్కు ఇచ్చాను. నాలుగు పేజీలు చూసి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు.

బాలమణి రేకు మీది రాళ్ళు ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతోంది. రేకు వంగిపోకుండా దించాలని. నన్ను చూసింది. దగ్గరికి వెళ్ళి, నోటు పెట్టానమ్మా, సర్వే చేస్తారు, అన్నాను.

"ఏం సర్వే చేస్తరమ్మా, రాళ్ళనా?" అంది. కోపంగా కాదు, అడిగినట్టే అంది. తర్వాత పక్కావిడని, "ఇటు పట్టు అక్కా, నీ దిక్కు కిందికి దించు" అని పిలిచి పనిలో పడింది. పదకొండు గంటలకి మిషన్ కదిలింది. మధ్యాహ్నానికి అక్కడ పరుపుబండలు, పొయ్యిల మసి తప్ప ఏమీ లేవు. షీటు మీద ఎలా ఉందో అలాగే ఉంది.

నా నోటు తొమ్మిదో రోజున తిరిగి వచ్చింది. 'స్థలం ఖాళీగా ఉన్నందున అదనపు సర్వే అవసరం లేదు' అని రాశారు. అది అబద్ధం కూడా కాదు.

మరుసటి వేసవి తరగతులు నేను తీసుకోనన్నాను, కారణం ఎవరూ అడగలేదు. ప్రసన్న మళ్ళీ కనిపించలేదు. నోటుబుక్కు పోస్టులో పంపాను. అందిందని జవాబు రాలేదు. నాలుగేళ్ళ తర్వాత పూర్తి పెన్షన్‌తో రిటైరయ్యాను.

నేర్చుకున్నది చెప్తాను. చదువు చెప్పడానికి గీసిన కాగితం మీద ఆఫీసు ముద్ర వేయకూడదు. వేస్తే, తప్పని తెలిసిన రోజే దాన్ని వెనక్కి తీసుకోవాలి. పని ఆపగలిగేది ఆ ఒక్క లైనే అయినప్పుడు, దాని బదులు రాసే మర్యాదైన నోటు పనికిరాదు. కచ్చా కట్టడం అనేది ఇల్లు ఎంత గట్టిదో చెప్పే మాటే గానీ, ఎవరైనా ఉన్నారా లేరా అని చెప్పే మాట కాదు. ఆ తర్వాత నా దగ్గర గీసిన ప్రతి షీటు మీదా గుడిసెలు చుక్కల గీతతో వేయించాను. రూలు మారలేదు, కానీ ఎవరూ అడ్డు చెప్పలేదు. అంటే ముందు కూడా చెప్పేవారు కారేమో.

ఆ ఫైలు మూసే ముందు నేనింకో నోటు పెట్టాను. మా ఆఫీసులో నోటులో అడిగిన ప్రతి ప్రశ్నకీ అంచులో జవాబు రాసి తీరాలి. నావి మూడు ప్రశ్నలు. రోడ్డు గీత ఖరారు చేసిన తేదీ అడిగాను, రాశారు. నేల మీద సరిచూసిందెవరని అడిగాను, 'ముద్ర ఉన్నందున అవసరం పడలేదు' అని రాశారు. మూడో ప్రశ్న ఎదురుగా అంచు ఖాళీగానే ఉంది. ఆ ముప్పై ఎనిమిది కుటుంబాలు ప్రస్తుతం ఎక్కడ ఉన్నాయి?