నీటితిత్తి కనిపెట్టిన మా తోడల్లుడు

మా తోడల్లుడు పోయాడన్న కబురు సింధనూరు బస్సు కండక్టరు మోసుకొచ్చాడు. నేను మాన్వి పశువుల ఆసుపత్రి వరండాలో ఉన్నాను. ఉన్నదున్నట్టు చెబుతాను, కళ్ళలో నీళ్ళు తర్వాత వచ్చాయి. ఇక నన్నెవరూ అతనితో పోల్చరన్న నిమ్మళం ముందొచ్చింది. పదిహేనేళ్ళ అసూయ ఒక్క కబురుతో చస్తుందా?

ఇద్దరం పశువుల డాక్టర్లమే. నేను మాన్విలో, అతను సింధనూరులో. మా మావగారు కోస్తా నుంచి ఈ కన్నడ సీమకి వలస వచ్చి కాలవ కింద వరి వేసిన రైతు. పెద్దల్లుణ్ణి కాబట్టి నేను వెళితే మంచం మీద కొత్త దుప్పటి పరిచి, పకోడీలు పెట్టేవారు. అతను వెళితే మాత్రం క్యాంపంతా, అంటే ఆ వలస రైతుల ఊరంతా, గేదెల్ని విప్పుకొచ్చేది. మర్యాద నాకు, పని అతనికి. డాక్టరుకి అంతకన్నా అవమానం ఉంటుందా? అతనికో అలవాటుండేది. ఏ పశువునైనా చూడటం అయిపోయాక మళ్ళీ ఒకసారి తడిమేవాడు. “మొదటిసారి మనం అనుకున్నది తగులుతుందండి, రెండోసారి ఉన్నది తగులుతుంది” అనేవాడు. చాదస్తం అని నవ్వేవాణ్ణి. నవ్వు పైకే.

మావగారి కళ్ళం కాసే మగకుక్కకి ఒకసారి జబ్బు చేసింది. ఎంత ముక్కినా విరేచనం సరిగా అయ్యేది కాదు. మూత్రం బొట్లు బొట్లుగా వచ్చేది. కింది పొట్ట ఉబ్బింది. మూత్రం బిగించిందని తేల్చి, గొట్టం వేసి తీసి, తగ్గిపోతుందని చెప్పి భోజనానికి లేచాను. వారానికల్లా కుక్క తిండి మానేసింది. మావగారు నాకు చెప్పకుండా చిన్నల్లుడికి కబురు పెట్టారు. సంగతి తెలిసి, ఉండబట్టలేక నేనూ వెళ్ళాను.

అతనూ గొట్టమే వేశాడు. మూత్రమంతా పోయాక మళ్ళీ పొట్ట మీద చెయ్యి పెట్టాడు. ఉబ్బు అలాగే ఉంది. వెనకనుంచి వేలు పెట్టి, రెండో చేత్తో పొట్టని కిందనుంచి ఎత్తి చూశాడు. సూది గుచ్చితే టీ రంగు నీళ్ళొచ్చాయి. ప్రోస్టేట్ గ్రంథి నుంచి పెరిగిన నీటితిత్తి. నేనూ తడిమాను. కొబ్బరికాయంత ఉంది. వారం కిందట అది నా చేతి కిందే ఉంది.

మర్నాడు పొద్దున సింధనూరు ఆసుపత్రిలో మత్తిచ్చి కోశాడు. దేవసూగూరు నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న ఆసుపత్రి జవాను తొంగి చూసి, “ఇదేంది సార్, కడుపుల ఇంకో కడుపున్నది” అన్నాడు. తిత్తి మూత్రాశయానికి అంటుకుపోయి ఉంది. కత్తికి అడ్డం రాకుండా మూత్రాశయాన్ని పక్కకి లాగి పట్టుకోవడం నా పని. నా పట్టు కాస్త సడలితే చాలు, కత్తి అందులో దిగుతుంది. కుక్క పోతుంది, అతని పేరు పోతుంది. సడలితే బాగుండుననిపించింది. అవును, అనిపించింది.

అతను తలెత్తకుండానే, “మీరు పట్టుకున్నారు గనక ధైర్యంగా కోస్తున్నానన్నయ్యా” అన్నాడు.

నా పట్టు సడలలేదు. పూర్తిగా ఊడిరాని తిత్తిని ఖాళీ చేసి, లోపల నీరు బయటికి కారిపోయేలా దాని మూతిని పొట్ట చర్మానికి కలిపి కుట్టాడు. గ్రంథి మళ్ళీ ఉబ్బకుండా వృషణాలూ తీసేశాడు.

బయట ఎదురుచూస్తున్న మావగారితో అతనన్న మాట ఇది: “తిత్తి ఉందని కనిపెట్టింది అన్నయ్యగారేనండి. నేను కోశానంతే.” నేను కాదనలేదు. కుక్క ఇంకో నాలుగేళ్ళు కళ్ళం కాసింది. మావగారు పెద్దల్లుడి గొప్ప ఊరూరా చెప్పుకున్నారు. అతను పక్కనే కూర్చుని తలూపేవాడు. అలా ఊపినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. దాచుకోవలసిన పేరుని అంత తేలిగ్గా ఎలా ఇచ్చేశాడు?

దినవారాలయ్యాక మరదల్ని చూడ్డానికి వెళ్ళాను. అతని తెల్లకోట్లు మడతపెడుతోంది.

“ఆ కుక్క జబ్బు మీరే కనిపెట్టారట కదా బావగారూ. మొన్న మొన్నటిదాకా చెప్పేవారు” అంది.

కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదన్నమాట. నేనైతే ఇంటికెళ్ళి చెప్పులు విప్పకముందే చెప్పుకునేవాణ్ణి. అతను బతికుండగా కూడా అంతగా ఎన్నడూ కుళ్ళుకోలేదు నేను.

“కాదమ్మా, నేను పోల్చుకోలేకపోయాను. కనిపెట్టింది అతనే” అన్నాను.

మరదలు సగం మడిచిన కోటుని మళ్ళీ విప్పి, ఒళ్ళో పరుచుకుని, నెమ్మదిగా చేత్తో సాపు చేస్తూ కూర్చుంది.