ఒక్కో గడే జరిపాను

ఆ పెద్దమనిషి నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన మా అనంతపురం చెస్ క్లబ్బుకు అధ్యక్షుడు. కాంట్రాక్టులు, కాస్త రాజకీయం, బోలెడు మెట్టపొలం ఉన్నాయి. వాన కురిస్తే వేరుశనగ, కురవకపోతే మీసం, రెండింట్లో ఏదో ఒకటి ఎప్పుడూ ఏపుగానే ఉంటుంది. ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు. క్లబ్బులో అసలే లేదు.

మా నాయనది ధర్మవరంలో పట్టుచీరల అంగడి. నోట్లో నాలుక లేని మనిషి. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి చదరంగం. బేరాల్లేని మధ్యాహ్నాలు, చీరలు పరిచే తెల్లదుప్పటి మీదే బోర్డు పెట్టి నాకూ నేర్పించాడు. అది మా పెద్దల ఆట. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరుగుతుంది. రాజు మాత్రం ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. క్లబ్బుల్లో ఆడే ఆటలో బంటు మొదట రెండు గళ్లు జరగొచ్చు, రాజు మాత్రం అలా దూకకూడదు.

నేను అనంతపురంలో ఉద్యోగంలో చేరాక ఒక ఆదివారం నాయనను క్లబ్బుకు తీసుకెళ్లాను. అధ్యక్షుడే ఎదురు కూర్చున్నాడు. అక్కడి రూల్సు ముందే చెప్పాను, నాయన జాగ్రత్తగానే ఆడాడు. కానీ రాజు ఇరుకున పడేసరికి చెయ్యి పాత అలవాటుకు పోయింది. రాజును ఎత్తి గుర్రంలా దూకించాడు.

"ఏమప్పా, రాజుతో కుప్పిగంతులు ఏయిస్తాండావు? ఈడ ఇట్లాంటివి సాగవు. పోయి చీరలు మడతపెట్టుకో పో!" అన్నాడు అధ్యక్షుడు.

గదంతా పగలబడి నవ్వింది. పాపం, నాయన కూడా నవ్వాడు. ఇంటికెళ్లాక బోర్డును అటక మీద పెట్టేశాడు. ఆడదాం రమ్మని ఎంత పిలిచినా "వద్దులేమ్మా, ఆట మర్చిపోయినా" అనేవాడు.

నీ తిక్క కుదర్చకపోతే చూడు పెద్దమనిషీ, అనుకున్నాను. ఊరికే గెలిస్తే చాలదు. ఒక్కో గడే నడిచే నాయన బంట్లతోనే గెలవాలి, నవ్విన నోళ్ల ముందే గెలవాలి. ఓడితే నాయనకు రెండోసారి అవమానం, అదీ నా చేతుల మీదుగా. అందుకే ఏడాది పాటు ఫోనులో ఆడాను, ఏ బంటునూ మొదట రెండు గళ్లు జరపకుండా. బోలెడు ఆటలు ఓడాను. ఓడిన ప్రతిసారీ ఆ అధ్యక్షుడి మొహం తలుచుకుని, పళ్లు నూరుకుని, మళ్లీ మొదలుపెట్టాను.

క్లబ్బు పోటీల్లో ఆయనకూ నాకూ ఆట పడింది. నావి తెల్లపావులు. రాజు ముందున్న బంటును ఒక్క గడి జరిపాను. తర్వాత మంత్రి ముందుది, అదీ ఒక్క గడే. ఆ తర్వాత పక్కవాటినీ అలాగే. చుట్టూ మూగినవాళ్లు కిసుక్కుమన్నారు.

"ఏం పాపా, మీ నాయన ఆటేనా? రాజు యాడ దూకుతాడో ముందే చెప్పు, పక్కకు జరుగుతాం," అన్నాడు అధ్యక్షుడు.

"ఆడన్నా, ఆడు," అన్నాను. లోపల ఉడికిపోతున్నాను.

నన్ను తొక్కేద్దామని ఆయన తన బంట్లను రెండేసి గళ్లు ఉరికించాడు. అవి నా దాకా వచ్చేశాయి, వెనక ఆయన రాజుకు కాపలా లేకుండా పోయింది. అప్పుడు నడిమి బంటును తోశాను. దారి తెరుచుకుంది. నా గుర్రం దూరింది, దాని వెనకే మంత్రి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆయన ఏనుగులను వెనక్కి లాగాడు. చెమటలు పట్టాయి. చివరికి గొంతు తగ్గించి, "డ్రా చేసుకుందామా పాపా?" అన్నాడు.

"గెలిచే ఆటను డ్రా ఎట్లా చేసేదన్నా?" అందరికీ వినపడేలా అన్నాను. కాసేపటికే ఆటకట్టించాను. ఒక్కడూ నవ్వలేదు. అబ్బ, ఎంత హాయిగా ఉండిందో!

"ఇంగో ఆట ఆడదాం," అన్నాడు గబగబా పావులు పేరుస్తూ.

"ఆడను," అని లేచి వచ్చేశాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అడిగాడు. మొదట్లో గద్దించాడు, తర్వాత బతిమాలాడు. మొన్న ఏకంగా ధర్మవరం వెళ్లి అంగట్లో కూర్చుని నాయనకే మొర పెట్టుకున్నాడట. నాయన ఫోను చేశాడు.

"ఒక్కాట ఆడమ్మా, పాపం. అంత పెద్దమనిషి, ఏడ్చినంత పని చేసినాడు."

"నీకు తప్పయిందని చెప్పినాడా నాయనా?"

"అదెందుకులేమ్మా ఇప్పుడు," అన్నాడు.

"అయితే ఆడను," అని ఫోను పెట్టేశాను.