ట్రెయిలర్ మీద డాక్టరమ్మ కారు

నాకు ముక్కు మీద కోపం. నెల్లూరులో నాతో పనిచేసిన మెకానిక్కులందరూ ఈ మాట అనేవాళ్ళు, నేనెప్పుడూ కాదనలేదు. పందొమ్మిదివందల అరవైల మొదట్లో, పని నేర్పిన మేస్త్రీతోనే పోట్లాడి బయటికొచ్చి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాను. పక్షం రోజులైనా సైకిల్ పంచర్లు తప్ప ఏమీ రాలేదు. అలాంటప్పుడు మైపాడు దగ్గరి పల్లెలో ఉండే డాక్టరమ్మ కబురంపింది. కారు గేరుబాక్సు పోయింది, ఎలాగైనా నెల్లూరు చేర్చి బాగుచెయ్యమని. ఆ కారు లేకపోతే ఆమె చుట్టుపక్కల ఊళ్ళకు కాన్పులకు వెళ్ళలేదు. దాని మీద గీత పడిందంటే నా షెడ్డు ముఖం చూసేవాళ్ళుండరు. మా ఆవిడ ఆ సంగతి ఒకటికి పదిసార్లు చెప్పి మరీ పంపింది.

ఇందుకూరుపేట రైతొకాయన ట్రాక్టరూ, రెండు చక్రాల ట్రెయిలరూ ఇచ్చాడు. నేనే తోలుకెళ్ళాను. ఇసకలో కారును తిప్పడం కష్టమని, ట్రెయిలరును గట్టుకు ఆనించి, తాటి దుంగలు పరిచి, ఆరుగురి చేత వెనక్కి నెట్టించి అలాగే ఎక్కించాను. దాంతో ఇంజను ఉన్న వైపు ట్రెయిలర్ చివరికొచ్చింది. కారు ట్రాక్టరుకు ఎక్కడ తగులుతుందోనన్న భయంతో మధ్యలో రెండు మూరలు ఖాళీ కూడా వదిలాను. కొబ్బరి తాళ్ళు కారు పైనుంచి వేసి, గడ్డి బండికి కట్టినట్టు బిగించాను.

నెట్టినవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళుగా గడ్డి బండి తోలే మనిషి. నెల్లూరులో కూతురింటికి వెళ్ళాలని నాతో బయల్దేరాడు. ట్రాక్టరు ఎక్కేముందు, ట్రెయిలర్ ముందుండే ఇనప నొగను ఒంటి చేత్తో పైకి లాగి చూశాడు. ఎద్దుల్ని కట్టేముందు కాడి ఎత్తి బరువు చూసుకోవడం బండివాళ్ళకు అలవాటు.

"అబ్బయ్యా, ఇది చేత్తో లేస్తా ఉండాది. బరువంతా ఎనకుండాది. ఎద్దులైతే ఈపాటికి పలుపు గొంతుకు బిగుసుకోని తన్నుకులాడతాయి."

"నీ ఎద్దులకు గేరుబాక్సుండాదా పెద్దాయనా? నా పని నాకు తెలుసులే, ఎక్కు."

ఆయన ఎక్కి మడ్‌గార్డు మీద కూర్చున్నాడు.

నాలుగు మైళ్ళు బాగానే నడిచింది. కాలవ వంతెన దిగేటప్పుడు కాస్త వేగం పెరిగింది. అంతే, ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఊపు ఊపుకీ ట్రాక్టరు వెనక భాగాన్ని ఈడుస్తోంది. నేను యాక్సిలేటరు తగ్గించి స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. ఆగేసరికి ట్రెయిలర్ చక్రం ఒకటి గట్టు అంచున మెత్తటి మట్టిలో దిగి ఉంది. కింద నిండు కాలవ. దిగి చూస్తే తాళ్ళు వదులైపోయాయి, కారు ట్రెయిలర్ చివర వైపు జానెడు జరిగింది.

పెద్దాయన ఎత్తిపొడుస్తాడని కాచుకున్నాను. ఆయన చక్రాల కింద రాళ్ళు పెట్టే పనిలో ఉన్నాడు.

"తప్పు నాదే. ఏం చెయ్యాల్నో నువ్వే చెప్పు పెద్దాయనా," అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో దేవుడికే తెలుసు.

పొలంలో పనిచేస్తున్న నలుగుర్ని పిలిచాడు. ట్రెయిలర్ వెనక దుంగ దన్ను పెట్టించి, కారును ట్రాక్టరు వైపు నెట్టించాడు. తను నొగ మీద చెయ్యేసి నిలబడి, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, చాలు," అన్నాడు. ఈసారి మేమిద్దరం కలిసి ఎత్తినా నొగ కదల్లేదు.

తాళ్ళు మళ్ళీ పైనుంచి వెయ్యబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"కారు కింద స్ప్రింగులుండాయి గదా? గుంతలో పడినప్పుడల్లా పైభాగం కుంగతా లేస్తా ఉంటే తాడు యాడ నిలస్తాది? చక్రాల్ని కట్టు."

మెకానిక్కును నేను, స్ప్రింగుల సంగతి చెప్పింది ఆయన. సిగ్గుతో తలొంచుకుని చక్రాలకు కట్టాను. ఆ నలుగురూ వెనకనుంచి నెట్టగా దిగిన చక్రం మట్టిలోంచి పైకొచ్చింది. అక్కణ్ణుంచి నడక వేగంతో తోలి, సాయంత్రం అసర్ నమాజు వేళకు షెడ్డు చేరాను. పెద్దాయన కూతురింటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ బస్సులో వచ్చింది. కారు చుట్టూ తిరిగి చూసింది. ఎక్కడా గీత లేదు.

"దారిలో ఏమన్నా ఇబ్బంది అయిందా అబ్బాయ్?"

లేదమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమెకు అసలు సంగతి చెప్పేవాళ్ళు కూడా ఎవరూ లేరు. కానీ వంతెన దగ్గర దిగిన చక్రం కళ్ళ ముందు కదిలింది. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. పెద్దాయన ముందే చెప్పాడనీ, నేనే వినలేదనీ కూడా చెప్పాను. ఇక కారు నా పాత మేస్త్రీ దగ్గరికే పోతుందని ఖాయం చేసుకున్నాను.

ఆమె కారు తలుపు మీద చెయ్యేసి నా వైపు తిరిగింది.

"నా దగ్గర పనిచేసే నర్సులకు మొదట నేర్పేది ఇదే. తప్పు జరిగితే దాచకుండా చెప్పమని. సగం మంది చెప్పరు," అంది. తర్వాత తాళంచెవి నా చేతిలో పెట్టింది. "గేరుబాక్సుతో పాటు బ్రేకులు కూడా చూడు. ఏముంటే అది చెప్పు. నువ్వు బాగుందంటేనే నేను ఎక్కుతా."

ఆమె బస్సెక్కి వెళ్ళాక చాలాసేపు అక్కడే నిలబడ్డాను. కళ్ళు చెమర్చాయి. నా పనితనం మెచ్చుకున్నవాళ్ళు అంతకుముందూ ఉన్నారు. నా మాట నమ్మి తన ప్రాణం దాని మీద పెడతానన్న మనిషి మాత్రం ఆమే మొదలు. చొక్కా చేతులు పైకి మడిచి, ముందు బ్రేకులే విప్పాను.