సైమోనె బావ ఈల

మా కందవు దీవిలో ఈల వేయడంలో నన్ను మించినవాడు ఒక్కడే ఉండేవాడు, మా సైమోనె బావ. ఎనిమిదో తరగతిలో బడి నాకు వీడ్కోలు చెప్పాక, కొండ మీద అతని తోటలో, వేళ్లు దంచి నీళ్లలో కలుపుకు తాగే యంగోనా పండించే పనికి చేరాను. బావ ఈల వేస్తే పిడికెడంత ఉండే పసుపుపచ్చ ఈలగువ్వలు పళ్లు తినడం మాని జవాబిచ్చేవి. ఓసారి మూడు వందల గువ్వలు వాలి కొమ్మే విరిగింది. నమ్మకపోతే మీ ఇష్టం.

ఆ ఏడు తుఫాను కొండ మీద ఒక్క పండూ మిగల్చలేదు. బావ రోజూ పొద్దున్నే శిఖరమెక్కి ఈల వేసేవాడు. జవాబు లేదు. గువ్వలన్నీ పోయాయన్న దిగులుతో ఉడికించిన కర్రపెండలం కూడా ముట్టేవాడు కాదు.

చూడలేక పదకొండో రోజు నేనే పొదల వెనక దాక్కుని బదులు ఈల వేశాను.

"బయటికి రారా బామ్మర్దీ! చుట్ట తాగి దగ్గే గువ్వని నేనెక్కడా చూళ్ళేదు."

"నీ బోసినోటి ఈలకి ఇంతకంటే మంచి గువ్వొస్తదా బావా?"

బావ నవ్వాడు. తుఫాను తర్వాత అదే మొదటి నవ్వు.

"సర్లే, కూర్చో. ఇద్దరం వేద్దాం. నాది వినపడకపోయినా నీదన్నా వినపడుద్దేమో."

పెదాలు ఎండిపోయేదాకా వేశాం. ఎండ నెత్తికెక్కే వేళకి కింద లోయలోంచి సన్నగా ఒక ఈల వచ్చింది.

బావ చటుక్కున నా నోరు మూసి, అది మళ్లీ కూసేదాకా నన్ను ఊపిరి కూడా తీసుకోనివ్వలేదు.